శుక్రుడు ఎదురు తిరుగుట యెందువలన?

శుక్రుడు సాయంకాలపు చుక్కయై పడమట వెలుగు నెలలలో గన్నవరమున ఒక చిన్న పొరపాటు తరచుగా జరుగుచుండును. చీకటి పడు వేళ ఆకాశమున తెల్లని దీపమొకటి నిలిచియుండును. విమానము దిగుచున్నది కాబోలునని బాటప్రక్క నిలిచినవారు ఆ వైపునకే చూచుచుందురు. అయిదు నిమిషములు గడచును, పది నిమిషములు గడచును. దీపము పెద్దది కాదు, చప్పుడు వినరాదు. అది విమానము కాదు, శుక్రుడు.

కదలక నిలిచినామని వారనుకొనుచున్న ఆ పది నిమిషములలోను గన్నవరము వారిని, వారి సైకిళ్లను, విమానాశ్రయమును మోసికొని తూర్పునకు గంటకు 1600 కిలోమీటర్ల వేగముతో పరుగెత్తుచునే యున్నది. భూమి తన చుట్టు తాను తిరుగుటయందు మన అక్షాంశమునకు వచ్చు వాటా అది. వారు చూచుచున్న శుక్రుని సంగతి వేరు. అతని నడుమున, అనగా మధ్యరేఖపైన, నేల గంటకు ఆరున్నర కిలోమీటర్లు మాత్రమే కదలును. చేతిసంచితో వడివడిగా నడచు మనిషి నడకయే అది. ఆ వేగమున విజయవాడనుండి గన్నవరము చేరుటకు మూడు గంటలు పట్టును. అంతకంటె వింత యేమనగా, ఆ నడక తూర్పునకు కాదు, పడమరకు.

ఉత్తరధ్రువమునకు పైన ఎక్కడనో నిలిచి సూర్యకుటుంబమును క్రిందికి చూచినచో, గ్రహములన్నియు సూర్యుని చుట్టు అప్రదక్షిణముగా పోవుచుండును. సూర్యుడును అట్లే తిరుగుచున్నాడు. బుధుడు, భూమి, కుజుడు, గురువు, శని తమ చుట్టు తాము తిరుగుటయు ఆ వైపునకే. శుక్రుడు మాత్రము సూర్యుని చుట్టు అందరితో పాటు అప్రదక్షిణముగనే పోవుచు, తన చుట్టు తాను ప్రదక్షిణముగా తిరుగును. మన దేవాలయముల మర్యాదనుబట్టి చూచినచో సరియైనవాడు అతడొక్కడే యనవలసివచ్చును! రాక్షసగురువు గనుక అందరికి ఎదురు తిరిగినాడని యెవరైన పరిహాసమాడినచో మేము కాదనము. కాని కారణము మాత్రము వేరొకచోట వెదకవలెను.

ముందుగా ఒక సందేహమును తొలగింపవలసియున్నది. పంచాంగము చూచు అలవాటున్నవారు, శుక్రుడు వక్రించుట మాకు తెలియనిదా యని యడుగవచ్చును. అది వేరు, ఇది వేరు. పంచాంగములోని వక్రగతి కంటికి తోచునది మాత్రమే. రైలులో పోవుచున్నపుడు ప్రక్క పట్టాలపైని రైలు మనలను దాటిపోవుటలో ఒకప్పుడు మనమే వెనుకకు పోవుచున్నట్లుండును గదా, అటువంటిది. శుక్రుడు లోపలి బాటలో వేగముగా పోవుచు భూమిని దాటు దినములలో, నక్షత్రముల నడుమ వెనుకకు జరిగినట్లు కనబడును. నిజమునకు తన దారిన తాను ముందుకే పోవుచుండును. మనము చెప్పుకొనుచున్న ఎదురు తిరుగుడు కంటి భ్రమ కాదు. అది ఆ గ్రహపు బొంగరము యొక్క నిజమైన తిరుగుడు. అయినను ఈ రెండింటికి ఒకచోట చుట్టరికము కలదు. అది ముందు తెలియగలదు.

ఈ సంగతి మనుష్యులకు తెలిసి ఎంతో కాలము కాలేదు. 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా నడచినాడు. ఆనాడు మన తెలుగుదేశమున విశాఖపట్టణములో, గోడే వెంకట జగ్గారావుగారు నెలకొల్పిన వేధశాలనుండి, వారి అల్లుడు అంకితం వేంకట నరసింగరావుగారు ఆ దృశ్యమును దూరదర్శినితో పరిశీలించిరి. సూర్యుని తెల్లని పళ్లెముపై నల్లని గుండ్రని బొట్టువలె శుక్రుడు ప్రాకిపోవుట వారు చూచిరి. ఆ బొట్టు ఎటు తిరుగుచున్నదో వారికే కాదు, ఆనాడు ప్రపంచమున ఎవ్వరికిని తెలియదు. తెలిసికొను మార్గమును లేదు. కుజునిపై మచ్చలున్నవి, గురునిపై చారలున్నవి; ఒక గుర్తు పట్టుకొని అది తిరిగి యెప్పుడు వచ్చునో లెక్కించిన చాలును. శుక్రుడో, దట్టమైన తెల్లని మేఘములను మెడవరకు కాక తలవరకు కప్పుకొని కూర్చున్నాడు. పదునేడవ శతాబ్దమున కసీని అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు శుక్రుని దినము మన దినమంతేయని తలచెను. 1890లో స్కియాపరెల్లి అది 225 దినములని చెప్పెను. ఒకే గ్రహమును గూర్చి ఇద్దరు ఉద్దండుల లెక్కలలో ఇంత తేడా వచ్చినదన్నచో, చూపునకు అందని పని యని గ్రహింపవచ్చును.

చూపు చేయలేని పనిని రేడియో చేసినది. ఇంట రేడియో పెట్టుకొన్నవారికి ఇది కొంత సంతోషము కలిగింపవలసిన విషయము. మేఘము వెలుతురును ఆపును గాని రేడియో అలను ఆపలేదు. మబ్బు పట్టిన రోజున మన యింట పాట ఆగదు గదా. 1961 వసంతమున అమెరికాలోని కాలిఫోర్నియా యెడారిలో గోల్డ్‌స్టోన్ అనుచోట పెద్ద గిన్నెవంటి యాంటెనానుండి శుక్రునిపైకి రేడియో అలలను పంపి, అచ్చట తగిలి మరలివచ్చిన ప్రతిధ్వనిని పట్టుకొనిరి. మన యిండ్లకు మీడియం వేవ్‌పై వచ్చు అలలు వందల మీటర్ల పొడవు గలవి. ఆ అలలు జానెడు కూడ లేవు, పన్నెండున్నర సెంటీమీటర్లు మాత్రమే. శుక్రుడు మనకు మిక్కిలి దగ్గరగా వచ్చినపుడు సుమారు నాలుగు కోట్ల కిలోమీటర్ల దూరమున నుండును. పోయిన అల తిరిగి వచ్చుటకు నాలుగున్నర నిమిషములు పట్టును.

ఆ ప్రతిధ్వనినుండి తిరుగుడు ఎట్లు తెలిసినది? గన్నవరము స్టేషనులో నిలిచి, ఆగకుండ ఏలూరు వైపు పోవు ఎక్స్‌ప్రెస్సు కూతను వినుడు. బండి దగ్గరకు వచ్చుచున్నంతసేపు కూత సన్నగా హెచ్చుస్థాయిలో నుండును. మనలను దాటిన క్షణమున స్థాయి దిగిపోవును. దీనిని 1842లో వివరించినవాడు డాప్లరు. మచిలీపట్టణమున తుపానులను కనిపెట్టు రాడారు పేరులోని డాప్లరు ఈయనయే. తిరుగుచున్న గోళమునకు ఒక అంచు మనవైపు వచ్చుచుండును, రెండవ అంచు మననుండి పోవుచుండును. కావున ఒకే స్థాయిలో పంపిన అల, తిరిగి వచ్చునప్పటికి కొంత హెచ్చుగా, కొంత తగ్గుగా వ్యాపించి వచ్చును. ఆ వ్యాప్తి ఎంత వెడల్పో అంత వేగముగా గోళము తిరుగుచున్నదన్న మాట. సెకండునకు 238 కోట్ల 80 లక్షల కంపనములు గల అలను పంపినచో శుక్రునినుండి వచ్చిన వ్యాప్తి కొన్ని పదులు మాత్రమే. అంత మెల్లని తిరుగుడు!

వేగము తెలిసినది సరే, దిక్కు ఎట్లు తెలిసినది? ఇచ్చటనే పంచాంగపు వక్రగతి అక్కరకు వచ్చినది. తిరునాళ్లలో రంగులరాట్నము తిరుగుచుండగా, అది తిరుగు వైపునకే మనమును దాని చుట్టు నడచితిమేని, అది మందగించినట్లు కనబడును. ఎదురుగా నడచితిమేని వేగము హెచ్చినట్లు కనబడును. శుక్రుడు భూమిని దాటు దినములలో, అనగా వక్రించియున్న దినములలో, శుక్రునినుండి చూచినచో భూమి కొంతకాలము ప్రదక్షిణ దిశగా జరుగుచుండును. ఆ దినములలో ప్రతిధ్వని వెడల్పు హెచ్చినచో శుక్రుడు అందరివలె తిరుగుచున్నట్లు. తగ్గినచో ఎదురు తిరుగుచున్నట్లు. అది తగ్గినది. గోల్డ్‌స్టైను, కార్పెంటరు అను పరిశోధకులు 1962 నాటి కొలతలనుండి ఈ ఫలితమును తీసిరి. 1964లో మరల దగ్గరకు వచ్చినపుడు చేసిన కొలతలతో సందేహము తీరినది. ఒక దినము తక్కువ కాకుండ 243 దినములకు ఒక తిరుగుడు, అదియు వెనుకకు.

శుక్రుడు భూమికి, సూర్యునికి నడుమ వచ్చి సూర్యుని వెలుగులో మునిగిపోవు ఆ కొద్ది దినములను మనవారు శుక్రమౌఢ్యమందురు. సూర్యునికి ఆవల నున్నపుడు వచ్చునది దీర్ఘమైన మూఢము, ఇది పొట్టిది. మూఢములో ముహూర్తములుండవు, మన పందిళ్లు ఖాళీగా నుండును. రాడారువారికి మాత్రము అవియే పెండ్లిదినములు. గ్రహము అంత దగ్గరగా మరల రావలెనన్న 584 దినములు ఆగవలెను.

243 దినములకు ఒక తిరుగుడన్నచో, అక్కడి పగలు రాత్రి కలిపి 243 దినములని తలపరాదు. శుక్రుడు సూర్యుని చుట్టు 225 దినములలో తిరిగివచ్చును. తాను వెనుకకు తిరుగుచు ముందుకు నడచుటవలన సూర్యుడు త్వరగానే మరల నెత్తిమీదికి వచ్చును. ఒక మధ్యాహ్నమునుండి మరియొక మధ్యాహ్నమునకు మన లెక్కలో 117 దినములు. సూర్యుడు పడమట ఉదయించి, 58 దినములు ఆకాశమున నడచి, తూర్పున అస్తమించును. చూచుటకు మేఘము తెరపి యిచ్చినప్పటి మాట. అక్కడి వేడిమి 460 డిగ్రీలకు పైబడి యుండుటచే చూచువారును ఉండరు. ఇట్టి అయిదు దినములు కలిపినచో సరిగా ఆ 584 దినములకు వచ్చును. కావున మనకు దగ్గరగా వచ్చిన ప్రతిసారియు శుక్రుడు దాదాపు ఒకే ముఖమును మనవైపు పెట్టును. భూమియే అతనిని అట్లు పట్టియుంచినదని ఒకప్పుడు కొందరు తలచిరి. కొలతలు సూక్ష్మమైన కొలది ఆ లెక్క సరిపోలేదు. అది కేవలము కాకతాళీయమని మా అభిప్రాయము.

ఇక అసలు ప్రశ్న. ఏల?

అందరికి మొదట తోచు సమాధానము దెబ్బ. గ్రహములు ఏర్పడిన తొలినాళ్లలో, 450 కోట్ల యేండ్లకు పూర్వము, పెద్ద పెద్ద శిలాగోళములు ఒకదానినొకటి ఢీకొనుచుండెను. మన చంద్రుడు అట్టి తాకిడినుండియే పుట్టెనని శాస్త్రజ్ఞులలో అధికసంఖ్యాకుల మతము. యురేనసు అను దూరపు గ్రహము ప్రక్కకు పడుకొని దొర్లుచున్నట్లు తిరుగుటకును ఇట్టి దెబ్బయే కారణమని చెప్పుదురు. శుక్రునికిని ఒక దెబ్బ తగిలి బొంగరము తిరుగబడి యుండవచ్చును. కాదనలేము. కాని ఈ సమాధానము మాకు తృప్తి నీయదు. దెబ్బ తగిలిన మచ్చ యెక్కడనని చూతమన్న, శుక్రుని నేల చాలవరకు నూరుకోట్ల యేండ్లకు లోపున లావా కప్పిన నేల. పాత గుర్తులన్నియు చెరిగిపోయినవి. అదిగాక, తిరిగెనే అనుకొన్నను, ఇంత మెల్లగా ఏల తిరుగవలెను? దెబ్బ ఆ ప్రశ్నకు సమాధానము చెప్పదు.

ఆ ప్రశ్నకు సమాధానము సముద్రమునందును, గాలియందును ఉన్నది. మొదట సముద్రము. కృష్ణ సముద్రమున కలియు హంసలదీవి వద్ద నిలిచినవారు పోటును, ఆటును చూచియుందురు. చంద్రుని ఆకర్షణచే నీరు ఉబ్బును. భూమి వడిగా తిరుగుచుండుటచే ఆ ఉబ్బును చంద్రునికంటె కొంచెము ముందుకు, తూర్పునకు, లాగుకొనిపోవును. చంద్రుడు దానిని వెనుకకు లాగును. ఇది కుమ్మరి సారెపై అరచేయి ఆనించినట్టి పని. అందువలన మన దినము నూరేండ్లకు ఒక సెకండులో వేయవవంతు, రెండువంతుల చొప్పున పెరుగుచున్నది. నీరే అక్కరలేదు; రాయి కూడ ఇట్లు కొంచెము ఉబ్బును. సూర్యునికి భూమికంటె దగ్గరగా నున్న శుక్రుని రాతిగోళముపై సూర్యుడు వేసిన పగ్గము ఇట్టిదే. అది ఒక్కటే యైనచో, చంద్రుడు మనకు ఎల్లప్పుడు ఒకే ముఖము చూపుచున్నట్లు, శుక్రుడును సూర్యునికి ఒకే ముఖము చూపుచు ఆగిపోవలసినదే. అట్లు ఆగలేదు. రెండవ చేయి ఒకటి యున్నది. అది గాలి.

ఈ రెండవ చేతి పనిని చూచుటకు శుక్రుని వరకు పోనక్కరలేదు. గన్నవరమున వాతావరణశాఖవారి కేంద్రమున్నది. ఎండకాలములో దాని ఉష్ణోగ్రతను పత్రికలలో చదువుచుందుము. అట్టిచోట భారమితిని దినమంతయు గమనించినచో ఒక సంగతి కనబడును. తుపాను లేని మామూలు దినమున గాలి ఒత్తిడి ఉదయము పది గంటల ప్రాంతమున హెచ్చి, సాయంకాలము నాలుగింటికి రెండు మూడు మిల్లీబారులు తగ్గి, మరల రాత్రి పదింటికి హెచ్చును. గడియారమువలె ప్రతిదినము ఇంతే. మన ఉష్ణమండలమున ఇది స్పష్టముగా కనబడును. ఇదియు ఒక పోటే. కాని నీటి పోటువలె ఆకర్షణచే వచ్చినది కాదు, ముఖ్యముగా ఎండవేడిచే వచ్చినది. వేడెక్కిన గాలి వ్యాకోచించి ప్రక్కలకు తొలగుటచే గాలి ఉబ్బు మధ్యాహ్నపు వైపున కాక ఉదయపు వైపున, అనగా సూర్యుని క్రింది చోటునకు పడమట, నిలుచును. సూర్యుడు ఆ ఉబ్బును తనవైపునకు లాగునపుడు తూర్పునకు లాగినట్లగును. భూమి తిరుగుట తూర్పునకే గనుక ఇది పగ్గము కాదు, తోపు. 1882లో లార్డ్ కెల్విన్ ఈ సంగతిని ఎత్తిచూపెను. భూమికి గాలి పలుచన, సముద్రపు పగ్గము బలవత్తరము. కావున గాలి తోపు ఓడిపోవుచున్నది.

శుక్రుని గాలి యట్లు కాదు. అది దాదాపు అంతయు బొగ్గుపులుసు వాయువు. నేలమీద దాని ఒత్తిడి మన గాలికి 92 రెట్లు. పైనున్న మేఘములు గంధకామ్లపు తుంపరలు. ఇంతటి గాలి వేడిచే ఉబ్బి తొలగుచున్నపుడు దాని తోపు రాతి పగ్గముతో సరితూగగలదు. 1969లో గోల్డు, సోటరు అను ఇద్దరు ఈ భావమును ప్రతిపాదించిరి. రాయి సూర్యునివైపు ఒకే ముఖము పెట్టించుటకు లాగును. గాలి ఆ స్థితినుండి తప్పించుటకు తోయును. త్రాడునకు ఇరువైపుల సమానబలము గల జట్లు పట్టినపుడు త్రాడు ఒకచోట నిలిచిపోవునే, అట్లు రెండును సరితూగినచోట శుక్రుని తిరుగుడు నిలిచినది. అందుచేతనే ఆ తిరుగుడు అంత మెల్లనిది.

గాలి తోపునకు ముందు వెనుకల పక్షపాతము లేదని గమనింపవలెను. సూర్యునికి కట్టుబడిన స్థితినుండి తప్పించుటే దాని పని. ఏ వైపునకైన సరే. కావున సరితూగు స్థానములు ముందువైపునను ఉండును, వెనుకవైపునను ఉండును. శుక్రుడు వెనుకవైపు స్థానమునకు ఎట్లు చేరెను? 2001లో కొరీయా, లాస్కరు అను పరిశోధకులు లెక్కలు కట్టి రెండు దారులు చూపిరి. మొదటిది: ఇతర గ్రహముల ఆకర్షణలచే అక్షము ఊగి ఊగి, చివరకు తలక్రిందులై, బొంగరము తాను తిరుగువైపునకే తిరుగుచున్నను మనకు ఎదురుగా కనబడుట. ఇంటి కప్పునకు వేలాడు ఫ్యానును పైనుండి చూచినచో తిరుగుడు మారినట్లుండును గదా. రెండవది: తల క్రిందు కాకుండగనే, తిరుగుడు అంతకంతకు మందగించి, ఒక క్షణమున పూర్తిగా ఆగి, గాలి తోపుచే మెల్లగా వెనుకకు మొదలిడుట. ఏ దెబ్బయు అక్కరలేదు. ఎండయు, గాలియు, కోట్ల యేండ్ల కాలమును చాలును.

ఈ రెండింటిలో ఏది జరిగెను? ఇచ్చటనే చిక్కు. విజయవాడనుండి ఒకరు నిడమానూరు, కేసరపల్లి మీదుగా బస్సులో వచ్చిరి; మరియొకరు గుణదల, ముస్తాబాద మీదుగా రైలులో వచ్చిరి. ఇద్దరును గన్నవరము కూడలిలో నిలిచినపుడు ఎవరే దారిన వచ్చిరో చూచి చెప్పలేము. తలక్రిందులైన ముందు తిరుగుడును, నిటారుగా నున్న వెనుక తిరుగుడును ఒకే తిరుగుడు. పుస్తకములలో శుక్రుని అక్షపు వంపును ఒకచోట 177 డిగ్రీలనియు, మరియొకచోట 3 డిగ్రీలకు లోపనియు వ్రాయుట చూచి విద్యార్థులు తప్పని భ్రమపడుచుందురు. రెండును ఒప్పే. నేటి స్థితి తన చరిత్రను తానే చెరిపివేసినది. కావున శుక్రుడు దెబ్బ తిని తిరిగెనని ఎవరైన ఖండితముగా చెప్పినచో, అంత గట్టిగా చెప్పుటకు తగిన సాక్ష్యము ఇంకను లేదని పాఠకులు జ్ఞాపకముంచుకొనవచ్చును.

గాలి చేయి నేలను తిప్పునా యని సందేహించువారికి మాత్రము సాక్ష్యము దొరకినది. శుక్రుని మేఘములు గ్రహమును నాలుగు దినములలోనే చుట్టివచ్చును, అవియును వెనుకకే. నేలకంటె అరువది రెట్లు వేగముగా. ఆ గాలి నేలను ఒరసికొనుచు, కొండలను తోయుచు పోవుటచే నేల తిరుగుడు స్థిరముగా నుండదు. గోల్డ్‌స్టోన్ రాడారుతోనే 2006 మొదలు 2020 వరకు కొలిచి, 2021లో ఫలితములు ప్రకటించిరి. శుక్రుని ఒక తిరుగుడు సగటున 243.0226 దినములు, కాని అది ఒక్కొక్కప్పుడు ఇరువది నిమిషముల వరకు మారుచున్నది. మన భూమి దినములోను గాలివలన మార్పులున్నవి గాని అవి సెకండులో వేయవవంతులు. అచ్చట ఇరువది నిమిషములు. గాలి అంతటిది!

తొలినాళ్ల దారి తెలియవలెనన్న శుక్రుని కడుపులో ఏమున్నదో తెలియవలెను. నడుమ ద్రవలోహమెంత, పైరాయి దానిపై ఎంత ఒరసికొనుచున్నది అనువానినిబట్టి రెండు దారులలో ఏది సులభమో మారును. అందుకు గ్రహమును చాలకాలము చుట్టుచు, రాడారుతో మేఘముల క్రింది నేలను మరల మరల కొలుచు ఉపగ్రహములు కావలెను. అమెరికావారు, ఐరోపావారు అట్టివానిని సిద్ధపరచుచున్నారు. మన దేశమున 2024 సెప్టెంబరులో కేంద్రమంత్రివర్గము శుక్రుని చుట్టు తిరుగు నౌక నిర్మాణమునకు అనుమతి నిచ్చినది. 2028 మార్చిలో దానిని పంపవలెనని ఆనాటి సంకల్పము. అందును రాడారు ఉండును. శ్రీహరికోట మన తీరమునందే యున్నది. గన్నవరపు బాటప్రక్కన నిలిచి పడమటి చుక్కను విమానమని భ్రమపడువారికి, అప్పుడు ఆ చుక్కవైపు నిజముగనే పోవుచున్న దొకటి యుండును.